ముల్లు వాలు

పదిహేడు వారాలు ఎదురుచూశాక ఉత్తరం వచ్చింది.
గ్రిమ్స్‌బీ ఊళ్లో, తివాచీల కొట్టు మీది అంతస్తు,
గురువారం నాలుగూ పదికి.
ఆ పది నిమిషాలు
నా ముందువాళ్ల ఏడుపు ఆరడానికి కాబోలు అనుకున్నాను.

నిమ్మచెక్కతో మూడుసార్లు చేతులు తోముకుని వెళ్లాను.
రేవు దగ్గర షెడ్డులో సాల్మన్ కోసే చేతులు.
నీచు పోలేదు.
అది చేతులదో నాదో
తేడా తెలియని రోజులవి.

ఆవిడ పేరు గ్లెనిస్ టారంట్.
మోకాళ్ల నొప్పులు.
కూర్చునే ముందు కుర్చీని కాస్త బతిమాలుకుంటుంది.
ఒక కాగితం ఇచ్చింది:
గత రెండు వారాల్లో ఎన్ని రోజులు నిద్ర పట్టలేదు,
ఎన్ని రోజులు తిండి సహించలేదు,
ఎన్ని రోజులు మీ మీద మీకే రోత పుట్టింది.
సున్నా నుంచి మూడు దాకా వేసుకోవాలి.
కూడితే ఇరవై ఒకటి.
"బళ్లో నాకెప్పుడూ ఇన్ని మార్కులు రాలేదు" అన్నాను.
ఆవిడ గట్టిగా నవ్వింది.
ఓహో, ఇక్కడ నవ్వొచ్చన్నమాట.

ఆ తర్వాత రెండు గురువారాలు నోరు విప్పలేదు.
మాట్లాడితే ముత్యాలు రాలతాయా అంటారు గానీ,
నా నోట్లో ఉన్నది ఇసుక.
రేడియేటర్ టిక్కుటిక్కుమనేది.
కింద ఎవరో తివాచీ భుజాన వేసుకుని వ్యాను ఎక్కిస్తుంటే
ఇద్దరం కిటికీలోంచి చూశాం.
"అంత ఎరుపు ఏ గదిలో పరుస్తారో" అంది.
ఆ గంట మొత్తానికీ అదే సంభాషణ.

నాలుగో వారం నా బొటనవేలి మీద గాటు చూసి
అడిగింది,
"చేపలో ముళ్లన్నీ ఎలా తీస్తారు?"

వెన్నుముల్లు తేలిక, కత్తికే తగులుతుంది.
చిక్కంతా సన్నముళ్లతోనే, కంటికి ఆనవు.
తల వైపు నుంచి తోక వైపు వేలికొసతో రాస్తే
ఒక్కొక్కటీ గుచ్చుకుని తన చోటు చెబుతుంది.
పట్టకారుతో పట్టి
అది ఎటు వాలి ఉందో అటే లాగాలి.
నిట్టనిలువుగా పీకితే కండ చిరుగుతుంది.
విసురుగా లాగితే
సగం విరిగి లోపలే ఉండిపోతుంది.
అన్నట్టు, పట్టిన రోజునే తీయబోతే అసలు రాదు.
ఒకట్రెండు రోజులు మంచులో ఉంచాలి,
కండ బిగువు సడలాలి.
ఇదంతా నాకు నేర్పింది వాల్ట్ స్కేల్బీ,
నలభై ఏళ్లుగా అదే బల్ల దగ్గర నిలబడ్డవాడు...

గడియారం చూస్తే ముప్పై అయిదు నిమిషాలు గడిచాయి.
దవడలు నొప్పెట్టాయి, చాన్నాళ్లకి పరుగెత్తిన కాళ్లలా.

అప్పుడడిగింది,
గొంతు తగ్గించకుండా,
టీలో చక్కెర ఎంత అన్నట్టు,
"చచ్చిపోవాలని అనిపిస్తుందా, జారెడ్?"

అమ్మ అడగలేదు, అడిగితే నిజమైపోతుందని.
డాక్టరు అడిగాడు, కంప్యూటర్‌ని చూస్తూ.

"కొన్ని రాత్రులు."

పైకప్పు కూలలేదు.
కింద కొట్లో బేరం సాగుతూనే ఉంది.
అలాంటి రాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలో
ఇద్దరం కలిసి ఒక కార్డు మీద రాశాం.
మొదటి పేరు వాల్ట్‌ది.
నా నోటికి ఆ పేరే ఎందుకొచ్చిందో.

ఆ ఆదివారం రాత్రి రెండున్నరకి చేశాను.
"మెలకువగానే ఉన్నాలే, ముసలోళ్లకి నిద్రెక్కడిది" అన్నాడు.
అబద్ధం. గొంతంతా నిద్రే.
ఆయన వంటింట్లో ఆయన కెటిల్ పెట్టాడు,
నేను నాది పెట్టాను.
రెండూ మరిగేదాకా ఎవరం ఏమీ మాట్లాడలేదు.
ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.

పది గురువారాలు. అంతకు మించి ఇవ్వరట.
చివరి కాగితం మీద పద్నాలుగు.
ఇంకా కొన్ని ఉదయాలు
బూట్ల లేసులు కట్టుకోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది.
ఇంకా కొన్ని ముళ్లు
వేలికి తగిలి ఊరుకుంటున్నాయి.

వెళ్లేటప్పుడు ఆవిడ చెయ్యి చాచింది.
నేనూ ఇచ్చాను.
మెట్లు సగం దిగాక గుర్తొచ్చింది,
ఇవాళ
నిమ్మచెక్క సంగతే మరిచిపోయాను.